పోస్టర్ రూపకల్పన: దూరాన్ని బట్టి అక్షరం, రంగు, ఖాళీ

పోస్టర్ పనిని కంప్యూటర్ ముందు కాక, దాన్ని అంటించబోయే గోడ దగ్గర మొదలుపెట్టాలి. ఆ గోడకు ఎదురుగా మనుషులు ఎక్కడ నిలబడతారు, ఎంత దూరం నుంచి చూస్తారు, బండి మీద పోతూ చూస్తారా, బస్సు కోసం ఎదురుచూస్తూ తీరిగ్గా చదువుతారా అన్నది తెలిస్తే, అక్షరం ఎంత ఎత్తు ఉండాలి, ఏ రంగు మీద ఏ రంగు వేయాలి, ఎంత ఖాళీ వదలాలి అనే ప్రశ్నలు చాలావరకు తేలిపోతాయి. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర గానీ, మహబూబ్‌నగర్ బస్టాండ్ చుట్టుపక్కల గానీ కనిపించే పోస్టర్లలో ఎక్కువ భాగం ఈ ప్రశ్న అడగకుండానే తయారైనట్టు కనిపిస్తాయి. రెండడుగుల దూరంలోని తెర మీద చూసుకొని, ముప్ఫై అడుగుల దూరంలోని మనిషి కోసం నిర్ణయాలు తీసుకుంటే ఎంత నైపుణ్యం ఉన్నవారి పనైనా గోడ మీద విఫలమవుతుంది.

మాటలు గాలిలో తేలిపోకుండా ఉండేందుకు ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా పట్టుకొని పోదాం. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరు ఉందనుకుందాం. ఫ్లోరైడ్ సమస్య ఆ ప్రాంతానికి కొత్త కాదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఊళ్లోని బోరు నీళ్లను ఉచితంగా పరీక్షించే శిబిరం కోసం డెమీ సైజు, అంటే 18×23 అంగుళాల పోస్టర్ కావాలి. నిర్వాహకులు రాసి ఇచ్చే వాక్యం సాధారణంగా ఇలా ఉంటుంది: "గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన గ్రామమునందు ఉచిత తాగునీటి నాణ్యతా పరీక్షా శిబిరము నిర్వహించబడుచున్నది, కావున ప్రజలందరూ ఈ సదవకాశమును సద్వినియోగపరచుకొనవలసిందిగా కోరుచున్నాము." ఈ వాక్యాన్ని పోస్టర్‌గా మార్చడమే మన పని.

కన్ను, దూరం, అక్షరం ఎత్తు

మన కన్ను చూపు మేరలో ఉన్నదంతా ఒకే స్పష్టతతో చూడదు. రెటీనా మధ్యలో ఫోవియా అనే చిన్న గుంట ఉంటుంది. సన్నని వివరాలను పట్టగలిగేది ఆ భాగమే. చేయి చాచి బొటనవేలు నిలబెడితే దాని వెడల్పు ఎంత కనిపిస్తుందో, ఏ క్షణంలోనైనా మనకు నిజంగా స్పష్టంగా కనిపించే ప్రాంతం దాదాపు అంతే, అంటే సుమారు 2 డిగ్రీలు. పది మీటర్ల దూరంలోని గోడ మీద ఆ 2 డిగ్రీలు దాదాపు 35 సెంటీమీటర్ల వెడల్పవుతాయి. మీటరు దూరంలో మూడున్నర సెంటీమీటర్లే అవుతాయి. కాబట్టి రోడ్డు అవతల ఉన్న మనిషికి డెమీ పోస్టర్‌లో మూడో వంతుకు పైగా ఒక్క చూపులో అందుతుంది. దగ్గరికి వచ్చిన మనిషి చూపు మాత్రం ఒక ముక్క మీది నుంచి ఇంకో ముక్క మీదికి గెంతుతూ పోతుంది. దూరానికి పనిచేసేది మొత్తం ఆకారం, దగ్గరకు పనిచేసేది వివరాల క్రమం. ఈ రెండింటినీ విడివిడిగా ఆలోచించి రూపొందించాలి.

కాలం కూడా దూరంతో ముడిపడి ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు దాటుతుంది. పోస్టర్‌కు 30 మీటర్ల దూరం నుంచి 10 మీటర్ల దగ్గరికి రావడానికి దానికి రెండు సెకన్లు కూడా పట్టదు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పక్కన గానీ, జడ్చర్ల మీదుగా పోయే 44వ నంబరు రహదారి పక్కన గానీ డెమీ కాగితం అంటించి లాభం లేదు. అక్కడ నాలుగు మాటలకు మించని పెద్ద ఫ్లెక్సీ ఒక్కటే పనికొస్తుంది. చిన్న పోస్టర్‌కు సరైన చోటు చాయ్ హోటల్ ఎదురుగోడ, రేషన్ షాపు, పంచాయతీ ఆఫీసు, అంగడి దారి. అక్కడ మనుషులు నిలబడతారు.

ఇక అక్షరం ఎత్తు. కంటి డాక్టరు దగ్గరి చార్టులో 6/6 అనే వరుసలోని అక్షరాలు దాదాపు 9 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి, వాటిని 6 మీటర్ల దూరం నుంచి చదవాలి. అంటే మీటరు దూరానికి ఒకటిన్నర మిల్లీమీటర్లు. మంచి చూపున్న మనిషి కళ్లు చిట్లించి పట్టగలిగే ఆఖరి హద్దు అది. పోస్టర్‌ను ఎవరూ పరీక్ష రాసినట్టు చదవరు కాబట్టి, సైన్‌బోర్డుల పనిలో ప్రతి 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అనే లెక్క స్థిరపడింది. మీటర్లలో అది మీటరుకు 8 మిల్లీమీటర్ల చొప్పున వస్తుంది. ఇది ఇంగ్లిష్ అక్షరాలను దృష్టిలో పెట్టుకొని చెప్పిన లెక్క. వంపులు, ఒత్తులు, లోపలి చుక్కలు ఎక్కువగా ఉన్న తెలుగు అక్షరానికి దీన్ని ఏమాత్రం తగ్గించకూడదన్నది నా అభిప్రాయం.

ఈ లెక్కను మన శిబిరానికి పెట్టి చూద్దాం. శీర్షిక పది మీటర్ల దూరానికి అందాలంటే అక్షరం 80 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. 18 అంగుళాల వెడల్పులో రెండు పక్కలా అంచులు వదిలితే మిగిలేది 400 మిల్లీమీటర్లు. తెలుగు అక్షరం ఎత్తు ఎంతో వెడల్పు కూడా ఇంచుమించు అంతే ఉంటుంది కాబట్టి వరుసకు ఐదు అక్షరాలు పడతాయి. "ఉచిత తాగునీటి నాణ్యతా పరీక్షా శిబిరము" అనే శీర్షిక ఆ కాగితం మీద దూరానికి కనిపించేలా పట్టదని అక్కడికక్కడే తేలిపోతుంది. "నీటి" ఒక వరుస, "పరీక్ష" ఇంకో వరుస హాయిగా పడతాయి. "ఉచితం" అనే మాట కొంత చిన్నదిగా వాటి కింద పడుతుంది. "తెలియజేయునది ఏమనగా" అనే మాటకు, "సదవకాశము" అనే మాటకు చోటు లేదు. అవి పోవడం వల్ల చదివేవారికి నష్టమూ లేదు. "నిర్వహించబడుచున్నది" అనే చోట "ఉంది" సరిపోతుంది. మాటలు తగ్గించడం తమ పని కాదని డిజైన్ చేసేవారు అనుకుంటారు, నిర్వాహకులు కూడా అలాగే అనుకుంటారు. నా దృష్టిలో డిజైన్‌లో మొదటి పని అదే, తక్కిన నిర్ణయాలన్నీ దాని తరువాతే.

తెలుగు అక్షరం అడిగే జాగ్రత్తలు

డిజైన్ పాఠాలు చాలావరకు ఇంగ్లిష్ లిపిని ఆధారం చేసుకొని రాసినవి. వాటిని తెలుగుకు ఉన్నదున్నట్టు వర్తింపజేస్తే కొన్ని చోట్ల దెబ్బతింటాం. తెలుగు వరుసలో మూడు మట్టాలు ఉంటాయి: మధ్యలో అక్షరం ఒళ్లు, పైన తలకట్టు, గుడి, ఏత్వం వంటి గుర్తులు, కింద ఒత్తులు. ఫాంటు సైజులోనే ఈ మూడు మట్టాలూ సర్దుకోవాలి కాబట్టి, 72 పాయింట్లు అని పెట్టినంత మాత్రాన అక్షరం ఒళ్లు అంగుళం ఎత్తు రాదు. అది ఎంత వస్తుందన్నది ఫాంటును బట్టి మారుతుంది. కాబట్టి పాయింట్లను నమ్ముకోకుండా, తెర మీద అసలు కొలతకు పెట్టి "మ" లేదా "వ" వంటి అక్షరం ఒంటిని స్కేలుతో కొలవాలి.

వరుసల మధ్య దూరం రెండో సంగతి. ఇంగ్లిష్‌లో అక్షరం సైజుకు 120 శాతం దూరం ఇస్తే సరిపోతుంది. తెలుగులో అంతే ఇస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిలో ఇరుక్కుంటుంది. చిన్న అక్షరాలకు 140 నుంచి 160 శాతం వరకు ఇవ్వడం మంచిది. శీర్షికకు శాతాలతో పని లేదు. ఎదురెదురుగా వచ్చే అక్షరాలను కంటితో చూసి సర్దాలి. మన శీర్షికలో "పరీక్ష" అనే మాటలోని "క్ష" కిందికి దిగుతుంది, "ఉచితం" అనే మాట దాని కిందే ఉంటుంది. "క్ష" అడుగు "త" తలకట్టుకు తగలకుండా దూరం పెంచాలి, లేదా "ఉచితం" మాటను కాస్త పక్కకు జరపాలి. "నీటి", "పరీక్ష" మధ్య ఇలాంటి ఇబ్బంది లేదు, ఎందుకంటే "నీటి" అనే మాటకు ఒత్తు లేదు. ఆ రెండు వరుసలను ఇంకా దగ్గరికి తెచ్చి ఒకే మాటగా కనిపించేలా చేయవచ్చు.

మూడో సంగతి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. తెలుగులో చాలా అక్షరాలకు తేడా ఒక చిన్న గీతలోనో, చుక్కలోనో ఉంటుంది. "ద" అడుగున గీత చేరితే "ధ", లోపల చుక్క కూడా చేరితే "థ". "ప", "ఫ", "ష" మధ్య, "బ", "భ" మధ్య కూడా అంతే. దూరం పెరిగే కొద్దీ ముందుగా మాయమయ్యేవి ఈ చిన్న గుర్తులే. అక్షరాన్ని బాగా లావు చేస్తే దూరానికి మరింత కనబడుతుందని అందరూ అనుకుంటారు, కానీ ఒక హద్దు దాటాక లావు పెరిగే కొద్దీ లోపలి తెలుపు పూడుకుపోతుంది. "పథకం" అనే మాట "పధకం" అయిపోతుంది. లోపలి ఖాళీ అక్షరం గీత మందానికి సమానంగానైనా మిగిలేంత లావు వరకే పోవాలని నేను చెబుతాను. ఇదే కారణం వల్ల అక్షరం చుట్టూ తెల్ల ఔట్‌లైన్, దాని చుట్టూ నల్ల ఔట్‌లైన్, ఆపైన షాడో వేసే పద్ధతిని మానుకోవాలి. ఔట్‌లైన్ లేకపోతే అక్షరం కనిపించడం లేదంటే లోపం అక్షరంలో లేదు, వెనకాల వేసిన ఫొటోలోనో, రంగులోనో ఉంది, దాన్నే సరిచేయాలి.

ఇంగ్లిష్‌లో ఒక మాటను ఎత్తి చూపడానికి పెద్దక్షరాలున్నాయి, వాలు అక్షరాలున్నాయి. తెలుగులో పెద్దక్షరాలు లేవు. సాఫ్ట్‌వేర్‌తో బలవంతంగా వాల్చిన తెలుగు గుండ్రదనం పోగొట్టుకొని అస్తవ్యస్తంగా కనిపిస్తుంది. మనకు మిగిలినవి సైజు, మందం, రంగు. ఒక మాటకు వీటిలో ఒకటి వాడితే చాలు. చోటు చాలలేదని అక్షరాన్ని అడ్డంగా నొక్కడం, నిలువుగా సాగదీయడం కూడా తప్పే, ఎందుకంటే నిలువు గీతల మందం ఒకలా, అడ్డ గీతల మందం ఇంకోలా మారిపోతుంది. సన్నని వెడల్పు అవసరమైతే, అలాగే గీసిన రకాలున్న అనెక్ తెలుగు వంటి ఫాంటును తీసుకోవాలి. శీర్షికకు రామభద్ర గానీ, గుండ్రంగా ఉండే బాలూ తమ్ముడు గానీ, వివరాలకు మండలి గానీ, నోటో సాన్స్ తెలుగు గానీ బాగా పనిచేస్తాయి. ఇవన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఒక పోస్టర్‌కు రెండు ఫాంట్లు దాటకూడదు, ఒకే ఫాంటులో రెండు మందాలతో సరిపెట్టగలిగితే ఇంకా మంచిది.

మన డీటీపీ కేంద్రాల్లో చాలాచోట్ల ఇప్పటికీ యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లతో పని జరుగుతుంది. వాట్సాప్‌లో పంపిన మాటలు యూనికోడ్‌లో, అంటే అన్ని పరికరాలకూ ఉమ్మడిగా ఉన్న అక్షర సంకేతాల్లో ఉంటాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చినప్పుడు సంయుక్తాక్షరాలు చెదిరే అవకాశం ఉంది. భారతీయ లిపులకు తగిన అమరిక ఎంచుకోకపోతే ఫోటోషాప్, ఇన్‌డిజైన్ వంటి వాటిలో కూడా ఒత్తు విడిపోయి పక్కన కూర్చుంటుంది. వాటిలో వరల్డ్ రెడీ అనే పేరున్న అమరికను ఎంచుకోవాలి.

రంగు: ముందు వెలుగు తేడా

రంగుల గురించి మాట్లాడేటప్పుడు ఎరుపు, పచ్చ, నీలం అని పేర్లు చెప్పుకుంటాం. అక్షరాన్ని చదివించేది మాత్రం ఆ పేర్లలోని తేడా కాదు, వెలుగులోని తేడా. వెబ్ పేజీల కోసం ఏర్పరచిన ప్రమాణంలో ఈ తేడాను ఒక నిష్పత్తిగా కొలుస్తారు. నలుపు మీద తెలుపుకు అది 21, రెండు రంగులూ ఒకటే అయితే 1. చిన్న అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు కనీసం 3 ఉండాలంటారు. ఇవి తెర రంగులకు చెప్పిన అంకెలే అయినా, కాగితం మీది పనికి కూడా మంచి దారి చూపుతాయి. తెలుపు మీద పసుపుకు నిష్పత్తి 1.1 కూడా రాదు, నలుపు మీద అదే పసుపుకు 19 దాటుతుంది. ముదురు ఆకుపచ్చ మీద ఎరుపు 1.3 దగ్గర ఆగిపోతుంది. పేరుకు రెండూ పూర్తిగా వేర్వేరు రంగులైనా అక్షరం ఆ నేలలో, అంటే వెనకాల పరిచిన రంగులో, కలిసిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చల తేడాను సరిగా పట్టలేని చూపు కొందరికి పుట్టుకతోనే ఉంటుంది, మగవారిలో ఇది ఎక్కువ; వారికి ఆ పోస్టర్ ఖాళీ కాగితమే.

మన గోడల మీద ఎక్కువగా కనిపించే జోడీ ఎరుపు మీద పసుపు. నిండు ఎరుపు మీద నిండు పసుపుకు నిష్పత్తి 3.7 మాత్రమే, అంటే శీర్షికకు పనికొస్తుంది, కింది చిన్న అక్షరాలకు పనికిరాదు. ఆ ఎరుపును రక్తచందనం రంగు దాకా ముదురు చేస్తే అదే పసుపుకు నిష్పత్తి 9 దాటుతుంది. రంగు మార్చకుండా, కట్టుబాటు తప్పకుండా, ముదురుదనం ఒక్కటి పెంచి పోస్టర్‌ను కాపాడుకోవచ్చు. జాతర పోస్టర్లు, గుడి ఉత్సవాల పోస్టర్లు చేసేవారు ఈ ఒక్క మార్పు చేసినా ఎంతో మేలు. కొలిచే సాధనం లేకపోతే తెర మీది పోస్టర్‌ను ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చి చూడాలి. అందులో అక్షరం చదవలేకపోతే రంగుల్లో కూడా దూరానికి చదవలేరు.

ఒక రంగు ఎలా కనిపిస్తుందన్నది పక్కనున్న రంగును బట్టి మారుతుంది. ఈ సంగతిని శాస్త్రంగా నిలబెట్టిన మనిషి అద్దకం పనిలో నుంచి వచ్చాడు. ప్యారిస్‌లోని గోబెలిన్స్ నేత కర్మాగారంలో అద్దకాల విభాగాన్ని చూసే మిషెల్ యూజీన్ షెవ్రెల్ దగ్గరకు నల్ల నూలు వెలవెలబోతోందన్న ఫిర్యాదు వచ్చింది. ఆయన పరిశీలిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కన నేసిన రంగుల వల్ల నలుపు పలచగా కనిపిస్తోంది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి తమకు ఎదురు రంగు వైపు నెడతాయని ఆయన 1839లో ప్రకటించాడు. పోచంపల్లి, పుట్టపాక చేనేత కళాకారులకు ఈ సూత్రం చేతిలోనే ఉంది. పుట్టపాక తేలియా రుమాలును చూడండి: ఎరుపు, నలుపు, తెలుపు, అంతే. ఇక్కత్ పద్ధతిలో నూలుకు ముందే రంగు అద్ది తరువాత నేస్తారు కాబట్టి బొమ్మ అంచులు కాస్త చెదిరి ఉంటాయి. అయినా దూరం నుంచి ఆ బొమ్మ విడిగా, గట్టిగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ మూడు రంగుల వెలుగులో అంత తేడా ఉంది. పోస్టర్‌కు మూడు రంగులు చాలునా అని అడిగేవారికి నేను చూపించే ఉదాహరణ అదే.

నిండు ఎరుపు, నిండు నీలం పక్కపక్కన పెడితే రెండూ ఒకే మట్టంలో ఉన్నట్టు కనిపించవు, అంచు అదురుతున్నట్టు ఉంటుంది. కంటి కటకం ఈ రెండు రంగుల కాంతిని వేర్వేరుగా వంచడం దీనికి కారణం. నీలం మీద ఎరుపు అక్షరం వేయకపోవడమే దీనికి మందు. సాయంత్రం సంగతి వేరు: చీకటి పడే వేళ కన్ను ఎరుపును నల్లగా, నీలాన్ని, ఆకుపచ్చను వెలుగుగా చూస్తుంది, చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే పేరుతో ఈ మార్పును పిలుస్తారు. పొలం పనుల నుంచి జనం మసక వెలుతురులో ఇంటికి మళ్లే దారిలో పోస్టర్ అంటిస్తే, ముదురు రంగు మీద ఎర్ర అక్షరం వారికి కనబడదు.

రంగుకు ఊళ్లో ఉన్న అర్థాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. తెలంగాణలో గులాబీ, కాషాయం, మూడు రంగుల పట్టీ, నిండు ఎరుపు ఒక్కొక్క పార్టీని గుర్తుకు తెస్తాయి. సాయుధ పోరాటం నడిచిన నల్లగొండలో ఎర్ర పోస్టర్‌కు పాత జ్ఞాపకం కూడా తోడవుతుంది. ఆరోగ్య శిబిరానికి గులాబీ నేల వేస్తే దూరం నుంచి చూసినవారు పార్టీ సభ అనుకొని తల తిప్పుకుంటారు. అలాగే ఒకే మనిషి ముఖం గుండ్రని చట్రంలో, పక్కన పూలతో కనిపిస్తే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ అనుకుంటారు. ఇవి ఏ రంగుల చక్రంలోనూ ఉండని సంగతులు, అయినా పోస్టర్ భవిష్యత్తును నిర్ణయించేవి ఇవే.

ఎండను మరిచిపోకూడదు. అచ్చుకు వాడే నాలుగు సిరాల్లో మెజెంటా (ముదురు గులాబీ), పసుపు ఎండకు ముందుగా వెలిసిపోతాయి, సయాన్ (ఆకాశనీలం), నలుపు ఎక్కువ కాలం నిలుస్తాయి. పాత పోస్టర్లన్నీ నీలి ఛాయలోకి మారిపోవడానికి కారణం ఇదే. అచ్చులో ఎరుపు వచ్చేది మెజెంటా, పసుపు కలిస్తేనే కాబట్టి, పాలమూరు ఎండలో దక్షిణం వైపు గోడ మీద తేదీని ఎరుపులో వేస్తే, చదవవలసిన రోజు వచ్చేసరికి ఆ తేదీయే అన్నిటికంటే ముందు మాయమవుతుంది. తేదీ, చోటు ఎప్పుడూ నలుపులోనో, ముదురు నేల మీద తెలుపులోనో ఉండాలి.

వీటన్నిటినీ కలిపి మన శిబిరం పోస్టర్‌కు నేను ఎంచుకునేది ఇది: పై సగం కొంత నలుపు కలిపిన ముదురు నీలం, దాని మీద తెల్లని "నీటి పరీక్ష", దాని కింద పసుపులో "ఉచితం", కింది సగం తెల్ల నేల, నల్ల అక్షరాలు. ఇంకో రంగు అవసరం లేదు. తెల్ల కాగితానికి తెల్ల గోడ ఎదురైతే కింది సగం అంచు కలిసిపోతుంది కాబట్టి చుట్టూ అదే నీలం పట్టీ వేయాలి.

గుంపులు, ఖాళీ, ముఖాలు

దగ్గరగా ఉన్నవాటిని, ఒకే రూపంలో ఉన్నవాటిని, ఒకే వరుసలో సాగేవాటిని మనసు ఒక గుంపుగా చూస్తుందని జర్మనీలో పనిచేసిన మనోవిజ్ఞాని మాక్స్ వెర్తైమర్ 1923లో వివరించాడు. పోస్టర్ అడుగు భాగాన్ని సర్దడానికి ఇంతకంటే పనికొచ్చే సూత్రం లేదు. మన పోస్టర్‌లో చెప్పవలసిన వివరాలు మూడు గుంపులు. ఏం చేస్తారు: "మీ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత ఉందో చెబుతాం." ఎప్పుడు, ఎక్కడ: తేదీ, వారం, సమయం, పంచాయతీ ఆఫీసు. ఏం తేవాలి: "శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో అర లీటరు నీళ్లు తీసుకురండి, గాజు సీసా వద్దు." ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది కాబట్టి ఈ చివరి మాట అవసరం. ఒక్కో గుంపు లోపలి వరుసల మధ్య ఉన్న దూరానికి కనీసం రెట్టింపు దూరం గుంపుల మధ్య వదిలితే, గీతలు, డబ్బాలు, నక్షత్రాలు ఏవీ లేకుండానే మూడు గుంపులూ విడివిడిగా కనిపిస్తాయి. అన్నిటినీ ఎడమ అంచుకు ఒకే నిలువు గీతలో మొదలుపెడితే చూపు తడుముకోకుండా దిగుతుంది. మన దగ్గర ప్రతి వరుసనూ మధ్యకు పెట్టడం అలవాటు. శీర్షికకు అది బాగానే ఉంటుంది, ఐదారు వరుసల వివరాలకు మాత్రం ప్రతి వరుస మొదలును కన్ను వెతుక్కోవలసి వస్తుంది.

బొమ్మకు, నేలకు ఉన్న సంబంధం గురించి డెన్మార్క్ శాస్త్రవేత్త ఎడ్గార్ రూబిన్ 1915లో రాశాడు. ఒకలా చూస్తే పాత్ర, ఇంకోలా చూస్తే రెండు ముఖాలు కనిపించే బొమ్మ ఆయన పేరుతోనే ప్రసిద్ధం. ఏది ముందుంది, ఏది వెనకుంది అని మనసు తేల్చుకోలేని చోట అక్షరం నిలబడదు. అక్షరాల వెనకాల చెరువు ఫొటో, దాని వెనకాల పూల డిజైన్, దాని మీద లోగో వేసిన ఫ్లెక్సీల్లో జరిగేది అదే. ఖాళీ స్థలం వృథా అని నిర్వాహకులు వాదిస్తారు, ఇంకో పేరు చేర్చమంటారు. వారికి జర్మన్ చిత్రకారుడు లూసియన్ బెర్న్‌హార్డ్ 1906 ప్రాంతంలో ఒక అగ్గిపుల్లల కంపెనీకి చేసిన పోస్టర్ గురించి చెప్పవచ్చు: ముదురు నేల మీద రెండు అగ్గిపుల్లలు, పైన కంపెనీ పేరు, మరేమీ లేదు. పోస్టర్ల చరిత్రలో కొత్త దారి ఆ ఒక్క కాగితంతో తెరుచుకుంది.

ఒకే రకమైనవాటి మధ్య వేరుగా ఉన్నది ఎక్కువగా గుర్తుంటుందని జర్మన్ పరిశోధకురాలు హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ 1933లో ప్రయోగాలతో చూపించింది. మన పోస్టర్‌లో పసుపు రంగు ఒక్క "ఉచితం" అనే మాటకే ఇవ్వడానికి కారణం ఇది. అదే పసుపును ఊరి పేరుకు, అతిథుల పేర్లకు, "అందరూ ఆహ్వానితులే" అనే మాటకు కూడా ఇస్తే ఏదీ వేరుగా నిలవదు.

అతిథుల ఫొటోల విషయం సున్నితమైనది. మనిషి చూపు అన్నిటికంటే ముందు ముఖం మీదికి పోతుంది. పోస్టర్ పై భాగంలో ఎనిమిది ముఖాలు వరుసగా ఉంటే చూసినవారు వాటిని గుర్తుపట్టడంలోనే ఆ రెండు సెకన్లూ ఖర్చు చేస్తారు, నీటి పరీక్ష సంగతి అందదు. ఫొటోలు వేయక తప్పదంటే వాటిని అడుగున ఒకే పట్టీలో, ఒకే కొలతలో, నీలి ఛాయలో ఒకే రంగుగా వేయాలి. గౌరవం తగ్గదు, శీర్షిక ముందుంటుంది. ఒకే ఒక ముఖం వాడే వీలుంటే, ఆ మనిషి చూపు శీర్షిక వైపు తిరిగి ఉన్న ఫొటో ఎంచుకోవాలి. చూసేవారి చూపు కూడా అటే పోతుంది.

అచ్చు, పరీక్ష

ఆఫ్‌సెట్ అచ్చుకు ఫొటోలు అసలు కొలతలో 300 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య), పెద్ద ఫ్లెక్సీకి 72 నుంచి 100 డీపీఐ ఉంటే చాలు. తెర మీద మెరిసే ఆకుపచ్చ, నారింజ, నిండు నీలం సీఎంవైకేలోకి, అంటే అచ్చు నాలుగు సిరాల పద్ధతిలోకి, మారగానే మసకబారతాయి కాబట్టి మొదటి నుంచీ సీఎంవైకేలోనే పని చేయాలి. చిన్న నల్ల అక్షరాలను ఒక్క నలుపు సిరాతోనే వేయాలి. నాలుగు సిరాలు కలిపి వేస్తే, ఒక్కో సిరాకు ఒకటిగా ఉండే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచు చెదురుతుంది. నీలం నేల మీద తెల్ల అక్షరాలు సన్నగా ఉంటే సిరా వ్యాపించి లోపలి ఖాళీలను మింగుతుంది, అందుకే ఆ నేల మీద శీర్షిక తప్ప చిన్న వివరాలు పెట్టలేదు. చుట్టూ 3 మిల్లీమీటర్లు కత్తిరింపు కోసం వదలాలి. ఎండ పడే గోడకు మెరిసే కాగితం కంటే మెరుపు లేని కాగితం మేలు.

అచ్చుకు ఇవ్వకముందు నాలుగు ఏ4 కాగితాల మీద ముక్కలుగా ప్రింటు తీసి, అతికించి, దాదాపు అసలు సైజులో ఆ గోడకే పెట్టి చూడాలి. పది మీటర్లు వెనక్కి నడిచి, కళ్లు సగం మూసి చూస్తే నీలం పట్టీ, తెల్లని రెండు మాటలు, ఒక పసుపు మాట మిగలాలి. ఇంకేదైనా ముందుకు వస్తే దాన్ని తగ్గించాలి. తరువాత శిబిరం గురించి తెలియని మనిషికి ఐదు సెకన్లు చూపించి, ఏం అర్థమైందో చెప్పమనాలి. నీటి పరీక్ష, ఉచితం అనే రెండు మాటలు రాకపోతే పై సగం మళ్లీ చేయాలి. ఆ రెండూ వచ్చి, దగ్గరికి వచ్చాక ప్లాస్టిక్ సీసా సంగతి రాకపోతే కింది గుంపుల మధ్య దూరాన్ని, మూడో గుంపు అక్షరాల మందాన్ని సరిచేయాలి. చదువు తక్కువగా ఉన్న పెద్దలకు కూడా చూపించాలి. వారికి సీసా బొమ్మ ఒకటి అవసరమని తేలితే మూడో గుంపు పక్కన గీతలతో గీసిన చిన్న సీసా చేర్చవచ్చు.

చివరగా ప్రూఫ్ కాగితం మీదే, తెర మీద కాకుండా, ప్రతి ఒత్తును వేలు పెట్టి చదవాలి. తేదీకి, వారానికి పొంతన కుదిరిందో లేదో క్యాలెండరు ముందు పెట్టుకొని చూడాలి. ఆ తరువాతే ప్లేట్లకు ఇవ్వాలి.